కొలతల పేజీ: కాటా మీద మైక్రాన్లు

పోయిన నెల ఈ పేజీలో ప్లాస్టిక్ కవర్ల మందం గురించి నాలుగు ముక్కలు రాసి, మైక్రాన్ల మీద సందేహాలుంటే పంపమన్నాను. ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ కలిపి చాలానే వచ్చాయి. ఎక్కువమంది అడిగింది ఒకటే: కంటికి ఆనని మందాన్ని దుకాణంవాడు ఎంతంటే అంత అని నమ్మేయడమేనా? అక్కర్లేదు. నేను బాలానగర్‌లో టూల్‌రూమ్ ఇన్‌స్పెక్షన్‌లో పనిచేసి రిటైరైన మనిషిని. ఎవరైనా ఒక అంకె చెబితే కొలిచి చూసేదాకా నాకు తోచదు. ఈసారి జవాబుల్లో లెక్కలు కాస్త ఎక్కువే ఉన్నాయి, ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి పెట్టుకోండి.

ప్రశ్న: మిర్చి మొక్కల చుట్టూ మట్టి మీద పరిచే మల్చింగ్ షీటు కొన్నాను. రోలు మీద 25 మైక్రాన్లు, 4 అడుగుల వెడల్పు, 400 మీటర్లు అని ఉంది. పక్క చేను రైతు తెచ్చిన రోలు మీద కూడా అదే రాత. కానీ చేత్తో పట్టి చూస్తే నాది పలచగా అనిపిస్తోంది. తేడా ఎలా తెలుసుకోవాలి?
— ఓ మిర్చి రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: రోలును తీసుకెళ్లి కాటా మీద పెట్టండి. మందం అడిగితే తూకం అంటాడేమిటి అనుకోకండి, అసలు కిటుకు అక్కడే ఉంది.

మిల్లీమీటరులో వెయ్యో వంతు మైక్రాన్. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న చోట ఒక మైక్రాన్ మందాన దేన్నైనా పరిస్తే, ఆ పదార్థమంతా కలిపి సరిగ్గా ఒక మిల్లీలీటరు అవుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే ఈ పేజీలో సగం జవాబులు మీరే రాయగలరు. మిల్లీలీటరు నీళ్లు ఒక గ్రాము. పాలిథీన్ నీళ్లకంటే తేలిక, మిల్లీలీటరుకు సుమారు 0.92 గ్రాము. అంటే 25 మైక్రాన్ల షీటు చదరపు మీటరుకు 25 × 0.92, అంటే 23 గ్రాములు తూగాలి.

ఇప్పుడు మీ రోలు. నాలుగడుగులంటే 1.22 మీటర్లు. దాన్ని 400తో గుణిస్తే 488 చదరపు మీటర్లు. ఇంటూ 23 గ్రాములు. పదకొండు కిలోల పైచిలుకు, 11.2 అనుకోండి. లోపలి అట్టగొట్టం బరువు దీనికి అదనం, దాన్ని తీసేసి చూడాలి. కాటా మీద షీటు 11 కిలోల చుట్టుపక్కల తూగితే గొడవ లేదు, రెండు మూడు వందల గ్రాముల తేడాకు దుకాణం ముందు పంచాయితీ పెట్టకండి. తొమ్మిది కిలోలే తూగితే మాత్రం 9,000 ÷ 488 ÷ 0.92 చేసి చూడండి, 20 మైక్రాన్లు వస్తుంది. అయిదో వంతు సరుకు తగ్గినట్టే.

ఇక్కడ దుకాణదారు ఒక మాట అనొచ్చు: "మందం సరిగ్గానే ఉంది, పొడవే కొంచెం తగ్గి ఉంటుంది." అదీ సాధ్యమే. మొత్తం రోలు తూకంలో ఈ రెండూ కలిసిపోతాయి. అందుకని పరిచేటప్పుడు టేపుతో కొలిచి సరిగ్గా పది మీటర్ల ముక్క కోసి తూచండి. 4 అడుగుల వెడల్పుకు 280 గ్రాములు రావాలి. వస్తే మందం సరే, తగ్గింది పొడవన్నమాట. రాకపోతే మందమే తగ్గింది. పైన వెండి రంగు, కింద నలుపు ఉన్న షీట్లలో రంగు పదార్థం వల్ల బరువు కాస్త పెరుగుతుంది. కాబట్టి ఈ లెక్కలో వచ్చే మైక్రాన్లు అసలు మందానికంటే ఒకింత ఎక్కువగానే ఉంటాయి తప్ప తగ్గవు. అలా చూసినా తక్కువ వచ్చిందంటే మీ అనుమానం నిజమే.

పలచటి షీటుతో డబ్బు నష్టం ఒకటే కాదు. పంట అయ్యాక తీయబోతే ముక్కలు ముక్కలుగా చిరిగి చేలోనే ఉండిపోతుంది. మీ మడి మట్టిలో ఆ ముక్కలు ఏరడానికి కూలి ఎవరిస్తారు?

ప్రశ్న: మా కొట్టులో కవర్లు 120 మైక్రాన్లు లేవని ఫైన్ వేశారు. అమ్మినతను 120 అనే చెప్పాడు. పోయినేడు 75 చాలని ఇంకెవరో అన్నారు. అసలు రూలు ఏమిటి? మళ్లీ కొనేముందు నేనే చెక్ చేసుకోవాలంటే ఎలా?
— ఓ కిరాణా కొట్టు యజమాని, తెనాలి

జవాబు: 75 అన్నవాళ్లది పాత రూలు. కేంద్రం రూల్సులో క్యారీ బ్యాగు కనీస మందం 1999లో 20 మైక్రాన్లు, 2011లో 40, 2016లో 50. ఆ తర్వాత 2021 సెప్టెంబరు 30 నుంచి 75 చేశారు, 2022 డిసెంబరు 31 నుంచి 120. ఇప్పుడు నడుస్తున్నది 120. మీ మున్సిపాలిటీ ఇంకా గట్టిగా ఉంటే అసలు ఏ ప్లాస్టిక్ కవరూ వద్దని కూడా అనొచ్చు, అది వేరే సంగతి. పాల ప్యాకెట్టులాగా సరుకుతోపాటే సీలు చేసి వచ్చే కవర్లకు ఈ 120 లెక్క వర్తించదు.

అమ్మినతను పూర్తిగా అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు కూడా. కవరును బల్లపరుపుగా పెట్టి కొలిస్తే రెండు పొరలు కలిసి వస్తాయి. 60 మైక్రాన్ల కవరుకు రెండు పొరలూ కలిపి 120. రూలు అడిగేది ఒక పొర మందం. "120 అంటున్నావు, సింగిలా డబులా?" అని ఒక్క ప్రశ్న వేసి చూడండి, సగంమంది అక్కడే నీళ్లు నములుతారు. కవరు మీద తయారీదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, మందం అచ్చువేసి ఉండాలని కూడా రూలే. ఏ అచ్చూ లేని కవరైతే ఇక మైక్రాన్ల చర్చే అనవసరం, తిరిగి ఇచ్చేయండి.

చెక్ చేయడానికి మీకు పరికరం ఏదీ అక్కర్లేదు, ఎందుకంటే మీరు కవర్లు కొనేది కిలోల లెక్కన. కిలోకి ఎన్ని కవర్లు వచ్చాయో లెక్కపెట్టండి. పైన చేయి పట్టడానికి రంధ్రం ఉండే 16 × 20 అంగుళాల కవరు తీసుకుందాం. ఒక వైపు 320 చదరపు అంగుళాలు, రెండు వైపులా 640. చదరపు మీటర్లలో 0.413. దీన్ని 120తో, 0.92తో గుణిస్తే ఒక్కో కవరు 45, 46 గ్రాములు. అంటే కిలోకి ఇరవై రెండు కవర్లకు మించి రాకూడదు. మీ కిలోలో యాభై కవర్లు వచ్చాయంటే అవి 50 మైక్రాన్ల పాత సరుకు. చవగ్గా వచ్చాయని సంబరపడేది ఇలాంటి చోటే. బనియన్ ఆకారం కవర్లయితే పక్క మడతలు విప్పి వెడల్పు కొలవండి, కోసేసిన భాగం తీసేయండి. లేకపోతే లెక్క తప్పుతుంది.

స్కేలుతో కుదరదు. అందులో అతి చిన్న గీత ఒక మిల్లీమీటరు, వెయ్యి మైక్రాన్లు. అధికారి ముందు చూపించడానికి ఒక రీడింగు కావాలనుకుంటే, మర తిప్పి మందం కొలిచే స్క్రూ గేజ్ కొనుక్కోండి. మామూలు స్క్రూ గేజ్ 10 మైక్రాన్ల దాకా చెబుతుంది. ఒక్క పొరను కొలవబోతే కవరు మెత్తగా ఉంటుంది కాబట్టి రీడింగు నిలవదు. కవరు మధ్యలోంచి పది ముక్కలు కత్తిరించి, ఒకదానిమీద ఒకటి పేర్చి, గాలి పోయేలా వేలితో గట్టిగా రాయండి. దవడల మధ్య పెట్టి, చివర ఉండే చిన్న మరను మాత్రమే తిప్పండి. టిక్, టిక్ అని మూడుసార్లు వినపడగానే ఆపేయాలి. లావుపాటి గొట్టాన్ని పట్టుకుని బిగించారంటే కవరు నలిగి తక్కువ చూపిస్తుంది, మీ నష్టం మీరే చేసుకున్నట్టు. 1.20 మిల్లీమీటర్లు వస్తే పొర 120 మైక్రాన్లు.

ప్రశ్న: బట్టలా ఉండే సంచుల మీద 60 జీఎస్ఎమ్ అని ఎందుకు రాస్తారు? మైక్రాన్లు ఎందుకు ఉండవు?
— తెనాలి కొట్టు యజమాని రెండో ప్రశ్న

జవాబు: అవి కూడా ప్లాస్టిక్కే, పాలీప్రొపిలీన్ పోగుల్ని వేడితో అతికించినవి. పోగుల మధ్య గాలి ఉంటుంది, నొక్కితే మందం మారిపోతుంది. అందుకని చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు అని బరువులోనే కొలుస్తారు, అదే జీఎస్ఎమ్. రూలు ప్రకారం 60కి తగ్గకూడదు.

ప్రశ్న: నమస్తే అండీ. వన్ గ్రామ్ గోల్డ్ గాజులు నాలుగు కొన్నాను. సైజు 2.6. షాపతను "అయిదు మైక్రాన్ల పూత మేడమ్" అన్నాడు. నాలుగు నెలలకే లోపలి వైపు ఎర్రగా తేలింది. నిజంగా అయిదు మైక్రాన్లు ఉంటే ఇలా అవుతుందా? ఒక గ్రాము బంగారం ఉన్నట్టేనా?
— ఓ టీచరమ్మ, విజయవాడ

జవాబు: మీ ప్రశ్న చాలా మంచిదమ్మా, ఎందుకంటే అతను చెప్పిన రెండు మాటల్నీ ఒకదానితో ఒకటి సరిచూడొచ్చు.

ముందు సైజు. గాజుల 2.6 అంటే 2.6 అంగుళాలు కాదు. రెండు అంగుళాలు, పైన అంగుళంలో పదహారింట ఆరు వంతులు. లోపలి వ్యాసం 60.3 మిల్లీమీటర్లు. నిజంగా 2.6 అంగుళాలైతే 66 మిల్లీమీటర్లు అయి చేతిలోంచి జారిపోయేది. 2.8 తర్వాత పెద్ద సైజు 2.10 అవడం కూడా ఇందుకే. మీ క్లాసులో దశాంశాలు చెప్పేటప్పుడు పిల్లల్ని ఈ ప్రశ్న అడిగి చూడండి.

గాజు గుండ్రటి తీగలా, 4 మిల్లీమీటర్ల మందాన ఉందనుకుందాం. అప్పుడు పైనా లోపలా కలిపి దాని ఉపరితలం సుమారు 25 చదరపు సెంటీమీటర్లు. నాలుగు గాజులకు వంద. బంగారం మిల్లీలీటరుకు 19.3 గ్రాములు, అంటే చదరపు మీటరు మీద ఒక మైక్రాన్ పూతకు 19.3 గ్రాముల బంగారం కావాలి. మీ నాలుగు గాజుల మీద ఒక మైక్రాన్‌కు 0.19 గ్రాము పడుతుంది. అయిదు మైక్రాన్లకు దాదాపు ఒక గ్రాము.

అంటే షాపతను చెప్పినవి రెండూ కలుస్తున్నాయి: నాలుగు గాజులకు ఒక గ్రాము, అయిదు మైక్రాన్లు. ఇక చూడాల్సింది ధర. ఆ నాలుగు గాజులకు మీరు ఇచ్చిన డబ్బు ఆ రోజు ఒక గ్రాము బంగారం రేటుకంటే తక్కువైతే, దాని మీద గ్రాము బంగారం ఉండే అవకాశమే లేదు. కూలీ, రాగి, అద్దె, లాభం అన్నీ ఎవరు భరిస్తారు? బజారులో చవగ్గా దొరికే పూతల్లో చాలావాటికి అర మైక్రాన్ కూడా ఉండదు. చర్మం, చెమట తగిలే లోపలి వైపు ముందు అరుగుతుంది, కింది రాగి బయటపడుతుంది. మీరు చూసిన ఎరుపు అదే.

పూత వేసేవాళ్లను నేను తప్పుపట్టడం లేదు. మచిలీపట్నం దగ్గర చిలకలపూడి పనివాళ్ల చేతిలో పలచటి పూత కూడా ఎంత అందంగా కూర్చుంటుందో తెలిసినవాణ్ణి. పలచగా వేసి పలచటి ధరకు అమ్మితే అందులో మోసం ఏమీ లేదు. మందం అని చెప్పి అమ్మడంతోనే పేచీ. పూత కోయకుండా మందం చెప్పే ఎక్స్‌రే యంత్రాలు ఉన్నాయి. తెలిసిన నగల దుకాణంలో అలాంటిది ఉంటే చూపించండి.

ప్రశ్న: మా ఊళ్లో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. ఒకాయన వచ్చి ఒక మైక్రాన్ ఫిల్టర్ పెడితే ఫ్లోరైడ్ ఆగిపోతుందని చెబుతున్నాడు. ఆర్వో అయితే 0.0001 మైక్రాన్ అట. ఏది పెట్టించాలి?
— నల్గొండ జిల్లా నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఒక మైక్రాన్ ఫిల్టర్‌తో ఫ్లోరైడ్ ఆపడమంటే చేపల వలతో దోమల్ని పట్టబోవడమే. ఫ్లోరైడ్ నీళ్లలో తేలే మట్టి కాదు, ఉప్పులా కరిగిపోయిన అయాన్. దాని వ్యాసం 0.0003 మైక్రాన్ కూడా ఉండదు. ఒక మైక్రాన్ రంధ్రం దానికి మూడు వేల రెట్లకు పైగా పెద్దది. ఆ ఫిల్టర్ బురద, తుప్పు, ఇసుక నలకలు ఆపుతుంది. బాక్టీరియా సాధారణంగా అర మైక్రాన్ నుంచి అయిదు మైక్రాన్ల మధ్య ఉంటుంది కాబట్టి అదీ కొంతే ఆగుతుంది. నీళ్లు తేటగా కనిపిస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం ఉన్నంతా ఉంటుంది. ఈ రకం అమ్మకం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక ఆర్వోవాళ్లు చెప్పే 0.0001. నీటి అణువు వ్యాసమే దాదాపు 0.00028 మైక్రాన్. రంధ్రం నిజంగా 0.0001 అయితే నీళ్లే దూరవు! ఆర్వో పొరలో జల్లెడకు ఉన్నట్టు రంధ్రాలు ఉండవు. ఒత్తిడి పెడితే నీళ్లు పొర పదార్థంలోకి ఇంకి అవతలికి చేరతాయి, లవణాల్లో చాలా భాగం ఇవతలే ఆగిపోతుంది. కాబట్టి ప్రకటనలోని ఆ అంకెను పట్టించుకోకండి. ఆర్వో ఫ్లోరైడ్‌ను తగ్గించే మాట మాత్రం నిజం.

మీ జిల్లా పేరుతోనే ఇంకో పద్ధతి ఉంది, నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ తయారుచేసిన నల్గొండ టెక్నిక్. పటిక, సున్నం కలిపితే మెత్తటి ముద్దలు ఏర్పడతాయి, ఫ్లోరైడ్ వాటికి అంటుకుని అడుక్కి దిగుతుంది. చిన్నదాన్ని పట్టే జల్లెడ లేకపోతే దాన్ని పెద్దదానికి అంటించి దింపేశారన్నమాట, నాకు చాలా నచ్చిన ఉపాయం. ఏది పెట్టించినా ముందూ తర్వాతా నీళ్లు పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, వేరే నీళ్లు దొరకని చోట కూడా 1.5 దాటకూడదు.

ప్రశ్న: డ్రిప్ ఫిల్టర్ మీద 120 మెష్ అని ఉంది. అంగుళానికి 120 రంధ్రాలు కదా, 25,400ను 120తో భాగిస్తే 212 మైక్రాన్లు వచ్చింది. డీలరు 130 అంటున్నాడు. ఎవరు కరెక్టు?
— అనంతపురం జిల్లా నుంచి ఒక బత్తాయి రైతు

జవాబు: డీలరే. మీ లెక్కలో తీగ మందం కూడా రంధ్రంలో కలిసిపోయింది. ఆ 212లో దాదాపు 85 మైక్రాన్లు తీగే. మెష్ అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది: 80 మెష్ దాదాపు 180 మైక్రాన్లు, 200 మెష్ 75. డ్రిప్పర్ లోపల నీళ్లు నడిచే దారిలో పదో వంతుకు మించిన నలకను లోనికి పోనివ్వకూడదని లెక్క. దారి ఒక మిల్లీమీటరైతే 100 మైక్రాన్లు కావాలి, 150 మెష్ సరిపోతుంది.

ప్రశ్న: షీటు దుకాణంలో 200 గేజ్ ప్లాస్టిక్ అంటారు, రేకుల దుకాణంలో 22 గేజ్ అంటారు. గేజ్ అంటే ఎన్ని మైక్రాన్లు?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: రెండూ వేరువేరు గేజ్‌లు. ప్లాస్టిక్‌లో నాలుగుతో భాగించండి, 200 గేజ్ అంటే 50 మైక్రాన్లు. అంకె పెరిగితే మందం పెరుగుతుంది. రేకుల్లో తిరకాసు, అంకె పెరిగితే పలచన. 22 గేజ్ 0.71 మిల్లీమీటరు, 18 గేజ్ 1.22. అందులో భాగహారం పనిచేయదు, పట్టిక చూసుకోవాల్సిందే. లేదంటే "గేజ్ వద్దు, మిల్లీమీటర్లలో చెప్పు" అనండి.

ప్రశ్న: పత్తి అమ్మేటప్పుడు మైక్రోనేర్ 4 అన్నారు. అంటే దూది పోగు 4 మైక్రాన్లా?
— ఆదిలాబాద్ జిల్లా నుంచి ఒక రైతు

జవాబు: కాదు. పత్తి పోగు సుమారు 12 నుంచి 20 మైక్రాన్లు ఉంటుంది. మైక్రోనేర్ మందం కొలత కాదు. నిర్ణీత తూకం దూదిలోంచి గాలి ఎంత సులువుగా పోతోందో చూసి ఇచ్చే అంకె. పోగు ఎంత సన్నన, ఎంత బాగా పండింది అన్న రెండూ అందులో కలిసే ఉంటాయి. మద్దతు ధరలో పొడుగు పింజ రకానికి 29.5 నుంచి 30.5 మిల్లీమీటర్ల పింజ (పోగు పొడవు), 3.5 నుంచి 4.3 మైక్రోనేర్ చూస్తారు. మీ 4 ఆ హద్దులోనే ఉంది.

ప్రశ్న: సార్, ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయి, టెన్షన్‌గా ఉంది. స్క్రూ గేజ్‌లో తీగ వ్యాసం 0.32 మి.మీ. వచ్చింది. మైక్రాన్లలోకి, మీటర్లలోకి మార్చడం ప్రతిసారీ తప్పుతోంది. మైక్రాన్, మైక్రోమీటర్ ఒకటేనా?
— ఇంటర్ ఫస్టియర్ విద్యార్థిని, వరంగల్

జవాబు: ఒకటే. 1967లో అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ మైక్రాన్ అన్న పేరును అధికారికంగా తీసేసింది, బజారుకు ఆ కబురు ఇంకా చేరలేదు. రికార్డులో మైక్రోమీటర్ అనే రాయి. మిల్లీమీటర్ల నుంచి చుక్కను కుడివైపు మూడు స్థానాలు జరిపితే 320 మైక్రోమీటర్లు. మీటర్లలో 0.00032. ఒక్క చోట జాగ్రత్త: వైశాల్యం మార్చేటప్పుడు వెయ్యి కాదు, వెయ్యి ఇంటూ వెయ్యి. చదరపు మిల్లీమీటరులో పది లక్షల చదరపు మైక్రోమీటర్లు. శూన్యాంశ దోషం (దవడలు మూసినా సున్నా చూపకపోవడం) సవరించాకే మార్చు, ముందు కాదు.

ప్రశ్న: అన్నా, చర్లపల్లిలో లేత్ మీద అప్రెంటిస్‌ని. 100 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న స్టీలు షాఫ్ట్ మెషీన్ మీద సరిగ్గా సైజుకు తెచ్చి దించాను. గంట తర్వాత ఇన్‌స్పెక్షన్‌లో 12 మైక్రాన్లు తక్కువని రిజెక్ట్ చేశారు. నా మైక్రోమీటరు (అదే, స్క్రూ గేజ్) కరెక్టే, చెక్ చేయించాను. నా తప్పు ఎక్కడ?
— ఒక అప్రెంటిస్

జవాబు: తమ్ముడూ, నీ చేయీ తప్పు కాదు, మైక్రోమీటరూ తప్పు కాదు. పీసు వేడిగా ఉంది. వంద మిల్లీమీటర్ల స్టీలు ఒక్క డిగ్రీ వేడెక్కితే ఒక మైక్రాన్ పైచిలుకు పెరుగుతుంది, 1.15 అనుకో. కోత వేడికి నీ షాఫ్ట్ ఇన్‌స్పెక్షన్ రూమ్‌కంటే పది పదకొండు డిగ్రీలు ఎక్కువ ఉండి ఉంటుంది. నువ్వు వేడి మీద సైజుకు తెచ్చావు, అది చల్లబడి ముడుచుకుంది. ప్రపంచమంతా కొలతలకు 20 డిగ్రీలను ప్రమాణంగా పెట్టుకుంది ఇందుకే. మా స్టాండర్డ్స్ రూమ్‌లో ఏసీ మాకోసమే అనుకుని కొత్తవాళ్లు మురిసిపోయేవాళ్లు, అది కొలత పరికరాల కోసం.

చివరి కోతకు ముందు కూలెంట్ (పీసును చల్లబరిచే ద్రవం) బాగా పోయనివ్వు. పీసునూ మైక్రోమీటర్‌నూ ఒకే ఇనుప బల్ల మీద కాసేపు పక్కపక్కన ఉంచి, అప్పుడు కొలిచి, మిగిలిన కోత తీయి. ఆ కాసేపు సూపర్‌వైజర్ తొందరపెడితే ఈ పేజీ చించి చూపించు.